‘నీకేంటి లాభం?’ – షార్ట్ సెల్లర్ల రిపోర్టులు ఎలా చదవాలి

ఫస్టియర్ అయిపోయిన సెలవుల్లో నేను జీవితంలో మొదటి షేర్ కొన్నాను. ధర 4 రూపాయల 20 పైసలు. వెయ్యి షేర్లు తీసుకున్నాను. కంపెనీ పేరు చెప్పను, ఈ వ్యాసం దాని గురించి కాదు. ఒక టెలిగ్రామ్ గ్రూపులో చూసి కొన్నాను. ఏడు రోజులు వరసగా అప్పర్ సర్క్యూట్. ధర 5.90 దాకా వెళ్ళింది. ఇంట్లో భోజనాల దగ్గర గొప్పగా చెప్పుకున్నాను కూడా. మా బాబాయ్ విని, "ఏరా, నువ్వు కంప్యూటర్లు చదువుతున్నావు కదా, నీకు తెలీకుండా ఉంటుందా" అని, ధర కొంచెం తగ్గి మళ్ళీ 4.20కి వచ్చిన రోజు మిర్చి అమ్మిన డబ్బుల్లోంచి 25,200 రూపాయలు పెట్టాడు. ఆరు వేల షేర్లు.

ధర ఇంకా పైన ఉన్నప్పుడే, ఆ గ్రూపులో ఒకతను మూడు లైన్ల మెసేజ్ పెట్టాడు. కంపెనీకి రెండేళ్ళుగా అమ్మకాలు దాదాపు సున్నా. ప్రమోటర్ల వాటా నాలుగు క్వార్టర్లుగా తగ్గుతూ వస్తోంది. వార్తల్లో చెప్పిన పెద్ద ఆర్డర్ ఎవరిచ్చారో ఎక్కడా లేదు. అంతే. ఇక అందరూ అతని మీద పడ్డారు. "నీకేంటి లాభం?" "ట్రెయిన్ మిస్సయినట్టున్నావ్." "ఎవరు పంపారు నిన్ను?" నేను కూడా నవ్వే ఎమోజీ ఒకటి పెట్టాను. అడ్మిన్ అతన్ని తీసేశాడు.

ఆ మూడు లైన్లలో ఒక్కటైనా నిజమా కాదా అని ఎవ్వరం చూడలేదు. ఈ వ్యాసం దాని గురించి.

అసలు షార్ట్ సెల్లింగ్ అంటే ఏంటి

మనకి తెలిసిన వస్తువుతో చెప్తాను. ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులు మొదలయ్యాయి. డ్రాఫ్టర్ ధర 600. పరీక్ష అయిపోగానే అందరూ అమ్ముకుంటారు, ధర పడిపోతుందని మీకు గట్టి నమ్మకం. ఒక సీనియర్ దగ్గర డ్రాఫ్టర్ అప్పు తీసుకుని ఇవాళే 600కి అమ్మేశారు. పరీక్ష తర్వాత 250కి ఒకటి కొని సీనియర్‌కి తిరిగిచ్చేశారు. మీకు 350 మిగిలింది. ఇదే షార్ట్ సెల్లింగ్. లేని వస్తువుని అప్పు తెచ్చి ముందు అమ్మి, తర్వాత కొని తిరిగివ్వడం.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. సగం క్లాసు ఫెయిలయ్యి, అందరికీ మళ్ళీ డ్రాఫ్టర్ కావాల్సొచ్చి ధర 1,500 అయిందనుకోండి. సీనియర్ "నాది నాకివ్వు" అంటున్నాడు. 1,500 పెట్టి కొనాల్సిందే. 900 నష్టం. ధర ఇంకా పెరిగితే నష్టం కూడా పెరుగుతూనే ఉంటుంది. మామూలుగా షేర్ కొన్నవాడికి పోయేది మహా అయితే పెట్టిన డబ్బు. షార్ట్ చేసినవాడికి లాభానికి హద్దు ఉంది, నష్టానికి లేదు. 2021 జనవరిలో అమెరికాలో గేమ్‌స్టాప్ షేర్ నెల మొదట్లో 20 డాలర్ల లోపు ఉండి, నెలాఖరుకి ఒక దశలో 480 డాలర్లు దాటింది. దాన్ని షార్ట్ చేసిన పెద్ద పెద్ద ఫండ్లు కుదేలయ్యాయి.

కొంతమంది షార్ట్ సెల్లర్లు ఇంకో అడుగు ముందుకేస్తారు. కంపెనీ మీద నెలల తరబడి పరిశోధన చేసి, ముందు షార్ట్ చేసి, తర్వాత రిపోర్ట్ బయటపెడతారు. ధర పడితే వాళ్ళకి లాభం అని అందులోనే రాస్తారు. గొడవంతా ఇక్కడే. లాభం కోసం రాసినవాడి మాట నమ్మొచ్చా?

కొండ దిగిన లారీ

నికోలా అనే అమెరికన్ కంపెనీ హైడ్రోజన్‌తో, కరెంటుతో నడిచే లారీలు తయారుచేస్తామంది. 2020 జూన్‌లో నాస్‌డాక్‌లోకి వచ్చింది. చెప్పుకోదగ్గ అమ్మకాలేమీ లేకుండానే ఒక దశలో దాని మార్కెట్ విలువ ఫోర్డ్‌ని దాటింది. ఆ సెప్టెంబర్ 8న జనరల్ మోటార్స్ ఆ కంపెనీలో 11 శాతం వాటా తీసుకుంటున్నట్టు ప్రకటించింది. రెండు రోజుల తర్వాత, సెప్టెంబర్ 10న, హిండెన్‌బర్గ్ రీసెర్చ్ రిపోర్ట్ వచ్చింది. 2023 జనవరిలో అదానీ గ్రూప్ మీద రాసింది కూడా వీళ్ళే, కాబట్టి పేరు మీకు తెలిసే ఉంటుంది.

రిపోర్ట్‌లో అందరికీ గుర్తుండిపోయింది ఒక వీడియో గురించి. 2018లో నికోలా పెట్టిన వీడియోలో లారీ రోడ్డు మీద జోరుగా వెళ్తుంది. హిండెన్‌బర్గ్ ఏమందంటే, ఆ లారీ తనంతట తాను నడవలేదు, ఏటవాలు రోడ్డు పైకి లాక్కెళ్ళి వదిలేస్తే కిందకి దొర్లింది అని.

వాటాదారుల్లో చాలామంది అన్నది మా గ్రూపులో అన్నదే. వీళ్ళు షార్ట్ సెల్లర్లు, ధర పడగొట్టడానికే రాశారు. అది నిజమే, హిండెన్‌బర్గ్ దాచలేదు కూడా. కానీ కంపెనీ ఇచ్చిన జవాబు చూడండి. రాసినవాళ్ళ ఉద్దేశం మంచిది కాదంది. వీడియో దగ్గరికొచ్చేసరికి, లారీ సొంత శక్తితో నడుస్తోందని మేమెప్పుడూ చెప్పలేదే అంది. అంటే దొర్లిందని ఒప్పుకున్నట్టే!

ఆ నెల 20న వ్యవస్థాపకుడు ట్రెవర్ మిల్టన్ చైర్మన్ పదవి వదిలేశాడు. 2021 డిసెంబర్‌లో కంపెనీ అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థకి 12.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2022 అక్టోబర్‌లో మిల్టన్ మోసం చేశాడని జ్యూరీ తేల్చింది, 2023 డిసెంబర్‌లో నాలుగేళ్ళ శిక్ష పడింది. 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష ఇచ్చాడు, అది వేరే కథ. ఈలోగా షేర్ ఒక డాలర్ కిందకి పడి పక్కా పెన్నీ స్టాక్ అయింది, 2024లో 30 షేర్లని కలిపి ఒకటి చేశారు. 2025 ఫిబ్రవరిలో కంపెనీ దివాలాకి వెళ్ళింది.

మరి తప్పు రాస్తే?

ఇక్కడితో ఆపేస్తే షార్ట్ సెల్లర్లంతా హీరోలనిపిస్తుంది. కాదు. రిపోర్ట్‌తో భయం పుట్టించి, ధర పడిన గంటలోనే తన లెక్క తేల్చుకుని వెళ్ళిపోయేవాడూ ఉంటాడు.

2012 జూన్‌లో సిట్రన్ రీసెర్చ్ నడిపే ఆండ్రూ లెఫ్ట్, చైనా రియల్ ఎస్టేట్ కంపెనీ ఎవర్‌గ్రాండ్ దివాలా స్థితిలో ఉందని, లెక్కలు మార్చిందని రాశాడు. షేర్ ఒక్కసారిగా పడింది. హాంకాంగ్ ట్రిబ్యునల్ విచారించి, 2016లో ఆ ఆరోపణలు తప్పుదోవ పట్టించేవని తేల్చి, అతన్ని ఐదేళ్ళు అక్కడి మార్కెట్ నుంచి నిషేధించింది. వచ్చిన లాభం కూడా వెనక్కి కట్టమంది. తమాషా ఏంటంటే 2021లో ఎవర్‌గ్రాండ్ నిజంగానే అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. 2024 జనవరిలో దాన్ని మూసేయమని హాంకాంగ్ కోర్టు ఆదేశించింది.

"చూశారా, అతనే రైటు" అనేవాళ్ళున్నారు. నాకు మాత్రం అలా అనిపించదు. 2021లో కూలిందంటే 2012 లెక్కలు తప్పని రుజువైనట్టు కాదు. మనం మ్యాథ్స్‌లో స్టెప్పులు తప్పు రాసి ఆన్సర్ కరెక్ట్ వచ్చిందంటే సార్ మార్కులు వేస్తారా? నికోలా రిపోర్ట్‌ని, ఈ రిపోర్ట్‌ని రాసిన ఇద్దరికీ డబ్బు ఆశ ఉంది. కాబట్టి ఆశని బట్టి ఏది నిలబడుతుందో చెప్పలేం. స్టెప్పులు చూడాల్సిందే.

మన పెన్నీ స్టాకుల్లో ఇంకో చిక్కు

మన దేశంలో మామూలు ఇన్వెస్టర్ ఫ్యూచర్స్ జోలికెళ్ళకుండా షార్ట్ చేయాలంటే మార్కెట్ మూసేలోపు తిరిగి కొనేయాలి. ఎక్కువ రోజులు షార్ట్ ఉంచాలంటే ఫ్యూచర్స్ కావాలి, అవి పెద్ద కంపెనీల షేర్లకే ఉంటాయి. షేర్లు అప్పు తెచ్చుకునే పద్ధతి ఒకటుంది గానీ చిన్న కంపెనీలకి అది అందదు. అప్పు తేకుండా, చేతిలో లేకుండా అమ్మడాన్ని సెబీ ఒప్పుకోదు. పైగా చాలా పెన్నీ స్టాకులు ట్రేడ్ టు ట్రేడ్‌లో ఉంటాయి, అంటే కొన్నది డెలివరీ తీసుకోవాల్సిందే, ఆ రోజే కొని అమ్మే ఆట కుదరదు.

అంటే ఐదు రూపాయల షేర్ పడిపోతే లాభపడే మనిషి దాదాపు ఉండడు. నెలల తరబడి కూర్చుని ఆ కంపెనీ లెక్కలు ఎవరు తవ్వుతారు? మంచి చెప్పడానికి మాత్రం వందమంది ఉంటారు, ఎందుకంటే వాళ్ళందరి దగ్గరా ఆ షేర్ ఉంది. ఎడ్వర్డ్ మిల్లర్ అనే ఆర్థికవేత్త 1977లోనే ఒక పేపర్‌లో ఇది చెప్పాడు. షార్ట్ చేయడం కష్టమైన చోట ధరలో ఆశావాదుల అభిప్రాయమే కనిపిస్తుంది, అనుమానించేవాళ్ళది బయటే ఉండిపోతుంది అని.

అతన్ని "నీకేంటి లాభం" అన్నాం కదా. నిజానికి అతనికేమీ లేదు. లాభం ఉన్నది మాకు.

చదివేటప్పుడు నేను ఇప్పుడు వేసుకునే ప్రశ్నలు

1. ఇందులో నేను సొంతంగా చూడగలిగేది ఏది? ప్రమోటర్ల వాటా ప్రతి క్వార్టర్‌కీ ఎక్స్ఛేంజ్ సైట్‌లో పెడతారు. అమ్మకాలు ఫలితాల్లో ఉంటాయి. "మేనేజ్‌మెంట్ దొంగలు" అన్న మాటని పరీక్షించలేం, "అమ్మకాలు సున్నా" అన్నదాన్ని పరీక్షించొచ్చు.

2. కంపెనీ జవాబిచ్చింది దేనికి? ఆరోపణకా, రాసిన మనిషికా?

3. రాసినవాడు తన లాభం ముందే చెప్పాడా? చెప్తే ఇంకొంచెం జాగ్రత్తగా చదువుతాను, పక్కన పడేయను.

4. ఈ షేర్ నా దగ్గర లేకపోతే దీన్ని ఎలా చదివేవాణ్ణి? ఇదే అన్నిటికన్నా కష్టమైనది.

మా షేర్ ఆ తర్వాత లోయర్ సర్క్యూట్లలో పడింది. రోజూ పొద్దున్నే అమ్మకానికి పెట్టడం, కొనేవాడు లేక సాయంత్రం క్యాన్సిల్ అవ్వడం. చివరికి 1.60 దగ్గర అమ్ముడుపోయింది. నాకు 1,600 వచ్చింది. బాబాయ్‌కి 9,600. ఆ రాత్రి ఎక్స్ఛేంజ్ సైట్ తెరిచి అతని మూడు లైన్లూ చూశాను. మూడూ నిజమే. చూడటానికి పది నిమిషాలు పట్టింది.

బాబాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. "పోన్లే రా, నువ్వు మాత్రం ఏం చేస్తావ్" అన్నాడు. పది నిమిషాలు చూసుంటే చేసేవాణ్ణి అని ఫోన్‌లో చెప్పలేకపోయాను. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్ ముందు పెట్టి, ఆ పేజీలు ఎక్కడుంటాయో ఒక్కొక్కటీ చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని అంతా చూసి, "ఇది ఆ రోజే ఉందా ఇక్కడ?" అని అడిగాడు.

ఉంది బాబాయ్ అన్నాను.