ఆ పిల్లలకు జట్టులో చోటు

జకాత్, సదఖా సొమ్ముతో దివ్యాంగులైన పిల్లలకు బియ్యం, బట్టలు, మందులు అందిస్తున్నాం. అల్లాహ్ స్వీకరించుగాక! అయితే వారికి మనం ఇంకా ఇవ్వనిది ఒకటుంది: తోటి పిల్లలతో కలిసి ఆడుకునే చోటు.

మేధోవైకల్యం మానసిక జబ్బు కాదు. నేర్చుకోవడంలో, అర్థం చేసుకోవడంలో, రోజువారీ పనుల్లో నెమ్మది. ఓపికగా నేర్పితే నేర్చుకుంటారు. కానీ నలుగురూ ఏమనుకుంటారోనని ఇంట్లోనే ఉంచేస్తున్నాం. ఖాజాగూడలో మేము చూస్తున్నదే ఇది. తమ్ముణ్ని బడిలో చేర్చడానికి వచ్చిన తల్లి, అన్న సంగతి అడిగితే తల దించుకుంటుంది.

అంధుడైన అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) గారిపై దైవప్రవక్త (స) జాలి చూపి ఊరుకోలేదు. అజాన్ పలికే బాధ్యత ఇచ్చారు, మదీనాలో తమ ప్రతినిధిగానూ నిలిపారు.

మన రాష్ట్రంలోనే చూడండి. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజిని చిన్నప్పుడు ఊళ్లో ఎగతాళి చేసేవారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగును గుర్తించారు. కోచ్ నాగపురి రమేశ్ హైదరాబాద్‌లో శిక్షణ ఇచ్చారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో, మేధోవైకల్యం గలవారి టి20 విభాగంలో, 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి ఆమె కాంస్యం గెలిచారు. అందరూ పతకాలు తేవాలని కాదు. ముందు ఎవరో ఒకరు ఆమెను మైదానంలోకి రానిచ్చారు. మనకు పాఠం అదే.

1968లో షికాగోలో మొదలైన స్పెషల్ ఒలింపిక్స్ మన దేశంలోనూ నడుస్తోంది. అందులో ‘యూనిఫైడ్’ ఆటలున్నాయి. ఐదుగురి ఫుట్‌బాల్ జట్టులో ముగ్గురు మేధోవైకల్యం ఉన్నవారు, ఇద్దరు లేనివారు. ఆ ఇద్దరూ సాయం చేయడానికి వచ్చినవారు కారు, సాటి ఆటగాళ్లు. వయసులోనూ ఆటలోనూ దాదాపు సమానులనే ఒక జట్టుగా కూర్చుతారు.

నేర్పే తీరు కష్టం కాదు. ఒకసారి ఒక్క మాటే చెప్పాలి. చెప్పి వదలక చేసి చూపాలి. రోజూ అదే వేళ, అదే చోటు ఉండాలి. ఈల మోతకు బెదిరేవారికి చెయ్యెత్తి సైగ చేయాలి. మూర్ఛ, గుండె జబ్బు ఉంటే ముందుగా వైద్యుణ్ని అడగాలి. పిల్లల స్థితి తెలుసుకోవడానికి, తల్లిదండ్రులకు సలహా ఇవ్వడానికి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థే ఉంది.

ఐటీ భవనాల నడుమ మన దగ్గర ఖాళీ జాగా తక్కువ. ఐదుగురి ఆటకు బడి ఆవరణ చాలు. బంతులకు, బూట్లకు, ఆటో కిరాయికి మీరు ఇస్తారు, మాకు అనుమానం లేదు. దానితోపాటు ఆదివారం ఉదయం మీ పిల్లవాణ్ని కూడా పంపండి. ముగ్గురు సిద్ధంగా ఉన్నారు, జట్టుకు ఇంకా ఇద్దరు కావాలి.