భోజనశాలలో ఆంగ్లపదములు

విద్యార్థులారా! మన కమ్మర్‌పల్లి ప్రాంతమునుండి గల్ఫు దేశములకు పోయి అచ్చటి భోజనశాలలయందు పనిచేయువారు పెక్కురు గలరు. వారిలో మా పూర్వవిద్యార్థి యొకడు ‘ఆంట్రే’ యను మాటవలన ఒకదినపు కూలి పోగొట్టుకొనెను. ఫ్రాన్సునందు అది భోజనారంభమున వడ్డించు వంటకము. అమెరికావారికి ప్రధాన వంటకము. అతిథి యమెరికావాడు, మనవాడు తెచ్చినది తొలి చిన్నపళ్లెము. ఇట్టిచోట ‘మెయిన్ కోర్సా?’ యని మెల్లగా మరల నడుగుట మేలు. అడుగుటకు సిగ్గేల?

‘హోటల్’ మనకు అన్నము దొరకు చోటు. ఆంగ్లేయులకు బస దొరకు చోటు. తినుటకైన ‘రెస్టారెంట్’ అడుగవలెను. ‘వన్ మీల్స్’ అనరాదు. ‘మీల్’ అనగా ఒక పూట తిండి, ‘మీల్స్’ అనిన పెక్కు పూటలు. ‘పార్సెల్’ అనిన వారికి తపాలామూట తోచును. ‘టేక్ అవే’ యనుడు.

పట్టికలో ‘మలగటానీ సూప్’ కనబడిన బెదరవలదు. తమిళుల ‘మిళగు తణ్ణీర్’, అనగా మిరియాల నీరు, ఆంగ్లేయుల నోట నట్లు మారినది. వారు మాంసము చేర్చి చిక్కబఱచిరి గాని, అది మనయింటి మిరియాల చారునకు చుట్టమే. దాని పచ్చనిరంగు పసుపువలన గలుగును. పసుపును ‘టర్మరిక్’ అందురు. అందు ‘ఆర్’ అక్షరములు రెండు. మొదటిదానిని పసుపు పండించు మన పిల్లలే తరచు విడిచెదరు!