మళ్లీ అతనికే వేశాడు

2015 జనవరి 18. సియాటిల్‌లో సీహాక్స్‌కీ గ్రీన్‌బే ప్యాకర్స్‌కీ మ్యాచ్. గెలిచినవాళ్లు సూపర్ బౌల్ అనే ఫైనల్‌కి, ఓడినవాళ్లు ఇంటికి. ఆట ఇంకో ఐదు నిమిషాలే ఉంది. ప్యాకర్స్ 19, సీహాక్స్ 7. అప్పుడు సీహాక్స్ క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ విసిరిన బంతి తన జట్టు ఆటగాడు జెర్మెయిన్ కేర్స్ చేతులకు తగిలి ఎగిరి, ఎదుటి జట్టు ఆటగాడు మోర్గన్ బర్నెట్ చేతుల్లో పడింది. ఆ రోజు విల్సన్‌కి అది నాలుగో ఇంటర్‌సెప్షన్. నాలుగూ కేర్స్‌కి వేసినవే. బంతి దొరికిన బర్నెట్ ముందుకు పరుగెత్తనైనా లేదు. పని అయిపోయింది కదా అన్నట్టు అక్కడే కిందికి జారిపోయాడు. స్టేడియంలో కొందరు సీహాక్స్ అభిమానులు కూడా అదే లెక్క వేసుకుని బయటికి నడిచారు.

మనకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతిని ఎక్కువగా చేత్తో పట్టుకుని దూసుకుపోతారు, చేత్తోనే విసురుతారు. ఆ విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. తమవాడికి వేసిన బంతిని ఎదుటివాడు పట్టేస్తే అది ఇంటర్‌సెప్షన్. బంతిని ఎదుటివాళ్ల గోల్ లైన్ దాటిస్తే టచ్‌డౌన్. సియాటిల్ పక్కన రెడ్‌మండ్, బెల్‌వ్యూ వైపు పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఈ మాటలకు ఇప్పుడు అర్థం చెప్పక్కర్లేదు.

మిగిలిన ఐదు నిమిషాల్లో ఏం జరిగిందంటే, విల్సన్ తనే పరుగెత్తి ఒక టచ్‌డౌన్ చేశాడు. తర్వాత సీహాక్స్ ఆన్‌సైడ్ కిక్ కొట్టారు, అంటే బంతి మళ్లీ తమకే దక్కాలని కావాలనే దగ్గరికి కొట్టే కిక్. అది వాళ్లకే దక్కింది. బంతి పట్టుకుని పరుగెత్తే మార్షాన్ లించ్ ఇంకో టచ్‌డౌన్ చేశాడు. ప్యాకర్స్ ఆఖరి క్షణాల్లో 22-22తో సమం చేశారు. అదనపు సమయంలో విల్సన్ 35 గజాల పాస్ ఒకటి డగ్ బాల్డ్విన్‌కి వేశాడు. ఆ వెంటనే మరో 35 గజాల పాస్ కేర్స్‌కి. ఎవరికి వేసి నాలుగుసార్లు బంతి పోగొట్టుకున్నాడో అతనికే. టచ్‌డౌన్. 28-22. ముందే వెళ్లిపోయినవాళ్లలో కొందరు గేట్ల దగ్గరికి తిరిగొచ్చి, లోపలికి రానివ్వమని అడుగుతున్నారు అప్పటికి.

ఆ రాత్రి విల్సన్ గుండె ఉక్కు గుండె. రెండు వారాలు తిరిగేసరికి అదే మనిషి మీద తీర్పు తలకిందులైంది. ఫిబ్రవరి 1న సూపర్ బౌల్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 28-24తో ముందున్నారు. సీహాక్స్ గోల్ లైన్‌కి ఒక్క గజం దూరంలో ఉన్నారు. అరనిమిషం కూడా లేదు. బంతిని లించ్ చేతిలో పెట్టి గుద్దుకుంటూ పొమ్మంటారని లోకమంతా అనుకుంది. విల్సన్ పాస్ వేశాడు. మాల్కమ్ బట్లర్ అనే కొత్త కుర్రాడు మధ్యలో దూరి దాన్ని పట్టేశాడు. కథ కంచికి. లించ్‌కి ఎందుకివ్వలేదన్న వాదన సీహాక్స్ అభిమానుల మధ్య నేటికీ చల్లారలేదు. పాస్ నిర్ణయం తనదేనని కోచ్ పీట్ క్యారల్ అన్నాడు. అయినా సగంమంది వేలు విల్సన్ వైపే.

నన్నడిగితే ఈ వాదన మొదలయ్యే చోటే వంకర ఉంది. ఫలితం చూసి మనిషికి మార్కులు వేస్తున్నారు. జనవరిలో గెలిచాడు కాబట్టి మళ్లీ కేర్స్‌కే వేయడం ధైర్యం. ఫిబ్రవరిలో ఓడాడు కాబట్టి పాస్ వేయడం తెలివితక్కువతనం. నిజానికి ఆ సీజన్‌లో అప్పటిదాకా లీగ్ మొత్తంలో ఒక గజం దూరం నుంచి వందకు పైగా పాస్‌లు వేస్తే ఒక్కటీ ఇంటర్‌సెప్ట్ కాలేదు. పైగా పాస్ తప్పితే గడియారం ఆగుతుంది, పరుగు ఆగితే గడియారం ఆగదు. నిర్ణయంలో తర్కం ఉంది. ఫలితమే కలిసిరాలేదు. ఇంకో సంగతి. అదే మ్యాచ్ మొదటి క్వార్టర్‌లో పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ కూడా గోల్ లైన్ దగ్గరే బంతి పోగొట్టుకున్నాడు. మొత్తం మీద అతనివి రెండు ఇంటర్‌సెప్షన్లు, విల్సన్‌ది ఒకటే. బ్రేడీవి ఎంతమందికి గుర్తున్నాయి? గెలిచినవాడి తప్పుల్ని జనం లెక్కలోంచి కొట్టేస్తారు.

కాబట్టి మీ తప్పును మీరు తూకం వేసుకునేటప్పుడు ఈ అభిమానుల తక్కెడ వాడకండి. ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి: ఆ నిమిషంలో నాకు తెలిసినదాన్ని బట్టి నా నిర్ణయం సరైనదేనా? నిర్ణయం తప్పయితే ఆలోచన మార్చుకోవాలి. నిర్ణయం సరైనదై చేతిలో పని చెడితే సాధన పెంచాలి. రెండూ బాగుండి ఎదుటివాడు మనకన్నా బాగా చేశాడా, ఒక నమస్కారం పెట్టి ముందుకు పోవాలి. ఈ మూడింటినీ కలిపేసి ‘నేను పనికిరాను’ అనే ఒకే మూటలో కట్టేసుకుంటాం మనం. ఇంటర్వ్యూ పోయినా, గ్రూప్స్ మెయిన్స్‌లో ఒక పేపర్ చెడినా, రాత్రి రెండు గంటలకు మనం పెట్టిన కోడ్‌తో సర్వర్ పడిపోయినా అదే మూట. సాయంత్రానికల్లా ఇంట్లోవాళ్లు దానికి ఇంకో ముడి వేస్తారు, అది వేరే సంగతి.

అలాంటప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటుంది, ‘మర్చిపోరా’ అని. క్వార్టర్‌బ్యాక్‌కి మతిమరుపు ఉండాలని అక్కడ కూడా తరచూ అంటారు. కానీ ఇంటర్‌సెప్షన్ తర్వాత బెంచీ మీద కూర్చున్న క్వార్టర్‌బ్యాక్‌ని టీవీలో గమనించండి. చేతిలో ట్యాబ్లెట్ ఉంటుంది. ఇప్పుడే చెడిన ఆ ఆటలోని ఫొటోల్ని ఒక్కొక్కటే జరుపుతూ చూస్తుంటాడు. ఎదుటివాడు ఎక్కడ నిలబడ్డాడు, తను ఎవరిని చూడలేదు, బంతి ఎంత ఆలస్యంగా వదిలాడు. 2014కు ముందు ఇదే పని కాగితం మీద ముద్రించిన నలుపు తెలుపు ఫొటోలతో చేసేవాళ్లు. మరిచిపోయేవాడికి ఆ ఫొటోలతో పనేముంది? అతను పక్కన పెట్టేది స్టాండ్స్‌లోంచి వచ్చే కేకల్ని మాత్రమే. తప్పును దగ్గరికి తీసుకునే చూస్తాడు. మీరూ అంతే చేయండి. తప్పు వేడి ఆరకముందే ఏం జరిగిందో నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి. ‘నేను వెధవని’ లాంటి వాక్యాలు అందులో వద్దు, ఫొటోలో కనిపించేవి మాత్రమే.

బట్లర్ సంగతి చెప్పాలి ఇక్కడ. సూపర్ బౌల్‌కి ముందు ప్రాక్టీసులో సరిగ్గా అలాంటి ఆటే వేసి చూపిస్తే బట్లర్ ఆలస్యంగా కదిలి దెబ్బతిన్నాడు. కోచ్ ఆ తప్పు ఎత్తి చెప్పాడు. ఫైనల్లో సీహాక్స్ ఆటగాళ్లు అదే వరుసలో నిలబడగానే గుర్తుపట్టి, ఈసారి అడుగు ముందే వేశాడు. కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోని కుర్రాడతను. అంతకు కాస్త ముందే తన కాపలాలో ఉన్న కేర్స్ వెల్లకిలా పడి కూడా 33 గజాల పాస్ పట్టేసుకున్నాడు. ఆ దిగులు మోస్తూ నిలబడి ఉంటే ఒక అడుగు వెనకబడేవాడే. లించా, పాసా అని కొట్టుకునే అభిమానులు ఈ కుర్రాడి సంగతి పెద్దగా ఎత్తరు. నాకైతే ఆ మ్యాచ్‌లో నేర్చుకోవాల్సిందంతా ఇతని దగ్గరే ఉందనిపిస్తుంది.

తప్పు చేశాక అసలు ప్రమాదం దుఃఖం కాదు, ముడుచుకుపోవడం. దానికి మనం పెట్టుకునే ముద్దుపేరు ‘జాగ్రత్త’. క్లయింట్ మీటింగ్‌లో ఒకసారి తడబడినవాడు తర్వాతి మీటింగ్‌లో మైకు మ్యూట్‌లో పెట్టుకుని కూర్చుంటాడు. ఒకసారి రాత్రిపూట సర్వర్ పడగొట్టినవాడు కష్టమైన పని వచ్చినప్పుడల్లా పక్కవాడి పేరు చెబుతాడు. ఏడాది తిరిగేసరికి తప్పులుండవు, ఎదుగుదలా ఉండదు. మళ్లీ అదే పనికి వెళ్లండి, కారణం తెలుసుకుని వెళ్లండి. కేర్స్‌కి మళ్లీ వేయడంలో ఉన్నది ఇదే. ఇంకో క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ 1998లో తన మొదటి సీజన్‌లో 28 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. కొత్త ఆటగాళ్లలో అది రికార్డు. అతని జట్టు మూడే మ్యాచ్‌లు గెలిచింది. మరుసటి ఏడాది అదే మానింగ్‌తో 13 గెలిచింది.

విల్సన్ కథను సినిమా చేయడం కూడా తప్పే. సూపర్ బౌల్ దెబ్బ తర్వాతి సీజన్‌లో అతను 34 టచ్‌డౌన్ పాస్‌లు వేసి, 8 ఇంటర్‌సెప్షన్లే ఇచ్చాడు. చాలా గొప్ప సీజన్. అయినా 2022లో డెన్వర్‌కి వెళ్లేదాకా సీహాక్స్‌తో మళ్లీ సూపర్ బౌల్ మెట్లు ఎక్కలేదు. బాగా కోలుకున్న ప్రతివాడికీ కప్పు దొరకదు.

అభిమానుల వాదనల్లో వినపడని పేరు ఇంకొకటుంది. జనవరి 18 నాటి ఆ ఆన్‌సైడ్ కిక్‌లో బంతి ప్యాకర్స్ ఆటగాడు బ్రాండన్ బోస్టిక్ మీదికి వచ్చింది. ఎదుటివాళ్లను అడ్డుకోవడం అతని పని. బంతి పట్టాల్సింది వెనకున్న జోర్డీ నెల్సన్. బోస్టిక్ ఎగిరి తనే పట్టబోయాడు, జారిపోయింది. ఒకే ఒక్క తప్పు. నెల తిరక్కుండా ప్యాకర్స్ అతన్ని పంపించేశారు. విల్సన్ చేసినవి నాలుగు తప్పులు. తేడా ఎక్కడుందంటే, విల్సన్ చేతికి ఐదోసారి బంతి ఇచ్చినవాళ్లున్నారు. కోలుకునే గుణం మనిషిలో ఎంతున్నా, దాన్ని చూపించే అవకాశం ఇంకొకరి చేతిలో ఉంటుంది. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఈ ముక్క దగ్గర ఎందుకో గొంతు తగ్గిస్తాయి.

సియాటిల్ పక్కనే మైక్రోసాఫ్ట్ నడిపిస్తున్న సత్య నాదెళ్ల తన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో హైదరాబాద్ స్కూలు రోజుల క్రికెట్ ముచ్చట ఒకటి రాశారు. తను బౌలింగ్ సరిగా వేయలేకపోతుంటే కెప్టెన్ వచ్చి బంతి తీసుకున్నాడు, తనే వేసి వికెట్ పడగొట్టాడు. ఆ తర్వాత బంతి తెచ్చి మళ్లీ నాదెళ్ల చేతిలోనే పెట్టాడు.

మీరు టీమ్ లీడ్ కావచ్చు, హెడ్మాస్టర్ కావచ్చు, ఇంటర్ చదివే పిల్లాడి తండ్రి కావచ్చు. మీ దగ్గర ఈమధ్య తప్పు చేసి తల వంచుకుని తిరుగుతున్నవాళ్లు ఒకరైనా ఉంటారు. ఫొటోలు చూపించండి, కారణం వాళ్ల నోటితోనే చెప్పించండి. తర్వాత అదే పని వచ్చినప్పుడు ఇంకొకరిని వెతక్కుండా వాళ్లకే అప్పగించండి.