ఆ ఐదు స్టార్లు ఎవరిచ్చారు?

ప్రశ్న: మాది విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటు. పడకగది పడమటి వైపు. పాత చెక్క కిటికీలు తీయించి, 1.80 లక్షలు పెట్టి యూపీవీసీ డబుల్ గ్లాసు కిటికీలు పెట్టించాం. ‘ఫైవ్ స్టార్ కిటికీలు, ఏసీ బిల్లు సగానికి సగం తగ్గుతుంది’ అని బ్రోచర్‌లో వేశారు. సాయంత్రమయ్యేసరికి గది మాత్రం ఎప్పటిలాగే కాగిపోతోంది. అడిగితే ‘డబుల్ గ్లాసే వేశాం కదండీ’ అంటున్నారు. కేసు వేయొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వేయొచ్చండీ. బ్రోచర్ దాచుకున్నారు కాబట్టి బలం కూడా ఉంది. అయితే డబుల్ గ్లాసు వేయలేదని ఫిర్యాదు రాస్తే మాత్రం ఓడిపోతారు, వాళ్లు వేశారు. మీరు పట్టుకోవాల్సింది ఆ స్టార్లను, ఆ ‘సగం’ అన్న మాటను.

ఏసీలకీ ఫ్రిజ్‌లకీ స్టార్ లేబుల్ నడిపేది బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద ఏర్పడిన కేంద్ర సంస్థ. తప్పనిసరి లేబుల్ ఉండాల్సిన వస్తువుల జాబితాలో కిటికీలు లేవు. బ్రిటన్‌లో కిటికీలకు అక్షరాల రేటింగ్ ఉంది, అమెరికాలో అంకెల స్టిక్కర్ కిటికీ మీదే అంటిస్తారు. ఇక్కడ అలాంటిదేమీ చూపకుండా ఐదు చుక్కలు అచ్చు వేస్తే, ఎవరిచ్చారని అడిగే హక్కు మీకుంది. కొందరు టఫెన్డ్ గ్లాసు మీద ఉండే ఐఎస్ 2553 గుర్తు చూపించి సరిపెడతారు. అది భద్రత గుర్తు. ఎండకూ దానికీ సంబంధం లేదు.

చూడాల్సిన అంకెలు రెండు. లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా వల్ల ఎంత వేడి దాటి వస్తుందో యూ-వాల్యూ చెబుతుంది. అద్దం మీద పడిన ఎండ వేడిలో ఎన్నో వంతు గదిలోకి చేరుతుందో చెప్పేది ఎస్‌హెచ్‌జీసీ. రెండూ ఎంత తక్కువుంటే అంత మంచిది. చలిదేశాల బ్రోచర్లు చూసి అచ్చు వేయించేవాళ్లు మొదటిదాన్నే పెద్దక్షరాల్లో వేస్తారు. మన పడమటి ఎండకు రెండోదే ప్రాణం.

లెక్క చూడండి. మామూలు ఒంటి అద్దం యూ-వాల్యూ సుమారు 5.7, సాదా డబుల్ గ్లాసుది 2.8. బయట 42 డిగ్రీలు, లోపల 26 అనుకుంటే చదరపు మీటరుకు తగ్గేది 46 వాట్లు. అదే చదరపు మీటరు మీద 600 వాట్ల ఎండ పడుతోందనుకోండి. ఎస్‌హెచ్‌జీసీ 0.82 ఉన్న ఒంటి అద్దం 490 వాట్లు లోపలికి వదులుతుంది. 0.70 ఉన్న సాదా డబుల్ గ్లాసు కూడా 420 వదులుతుంది. ఎండను ఆపే పూత (లో-ఈ) ఉన్న 0.30 గ్లాసయితే వచ్చేది 180 మాత్రమే. మీకు వేసింది సాదా గ్లాసేనని నా అనుమానం. రాత్రి దీపాలార్పి అద్దం ముందు లైటర్ వెలిగించండి. నాలుగు మంటలు ప్రతిఫలిస్తాయి. లో-ఈ పూత ఉంటే వాటిలో ఒకటి వేరే రంగులో కనిపిస్తుంది. వినియోగదారుల కమిషన్ ముందు ఇది సాక్ష్యంగా నిలవదు గానీ, సంగతేమిటో మీకు తెలుస్తుంది.

ఇక చట్టం. తగిన పరీక్ష లేకుండా వస్తువు పనితీరుకు జనంలో గ్యారంటీ ప్రకటించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. ‘పరీక్ష చేయించే చెప్పాం’ అని వాళ్లంటే, దాన్ని రుజువు చేసుకోవాల్సిన భారం వాళ్లదే. మీ కేసంతా ఈ ఒక్క మాట మీద నడుస్తుంది. బిల్లు సగం తగ్గుతుందని ఏ పరీక్షను బట్టి చెప్పారో వాళ్లే చూపించాలి. అయినా పాత, కొత్త కరెంటు బిల్లులు జతచేయండి. సేల్స్ కుర్రాడు వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌లుంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో దాఖలు చేయొచ్చు. నోటిమాటే అయితే నిలబెట్టడం కష్టం.

ముందు స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. స్టార్లు ఎవరిచ్చారు, పరీక్ష నివేదిక ఏది, గ్లాసు తయారీదారు డేటా షీటు ఏది అని అడిగి, 15 రోజుల గడువివ్వండి. 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే కొన్ని తగాదాలు అక్కడే తేలిపోతాయి. కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరున్న జిల్లాలోనే వేసుకోవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. కమిషన్ గ్లాసును లేబొరేటరీకి పంపిస్తే ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి. మొత్తం డబ్బు వాపసు మీదే పట్టుబట్టకండి. ఫ్రేములు బాగుంటే గ్లాసు మార్పించడం, దానికి తోడు పరిహారం అడగడం మేలు.

ఇంకా కొననివాళ్లకు ఒక మాట: గ్లాసు కంపెనీ, రకం, ‘ఎస్‌హెచ్‌జీసీ 0.30కి మించదు’ అన్న మాట కొటేషన్‌లోనే రాయించుకోండి. దాంతోపాటు వెలుతురు శాతం కూడా రాయించండి, లేకపోతే నల్లటి గ్లాసు అంటగట్టి పగలే లైటు వేయిస్తారు. ఫ్లాటు చేతికొచ్చి ఐదేళ్లు నిండకపోతే, వాన నీళ్లు కారే కిటికీల్లాంటి పనితనం లోపాలను రెరా చట్టం సెక్షన్ 14(3) కింద బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఆ సంగతి కిటికీలు పీకించకముందే రాతపూర్వకంగా అడగండి. మార్చేశాక అడిగితే, లోపమున్న కిటికీ ఏదీ, చూపించమంటాడు.