కొవ్వు పంపే కబుర్లు

మనం తిన్న తిండిలో ఒంటికి కావలసింది ఖర్చవుతుంది. మిగిలింది కొవ్వుగా మారుతుంది. కొవ్వు ఒంట్లో గాదె లాంటిది. తిండి లేని రోజుల్లో అదే ఆదుకుంటుంది. కాబట్టి కొవ్వు మొత్తం చెడ్డది కాదు.

గాదెలో ధాన్యం ఊరికే పడి ఉంటుంది. కొవ్వు కూడా అంతేనని చాలాకాలం అనుకున్నారు. 1994లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఒక సంగతి కనిపెట్టారు. వాళ్ల దగ్గర కొన్ని ఎలుకలు ఉండేవి. అవి ఎంత తిన్నా ఇంకా తినేవి. బాగా లావెక్కాయి. ఎందుకని?

మామూలు ఎలుకల కొవ్వులో ఒక రసం తయారవుతుంది. అది రక్తంలో కలిసి మెదడుకు చేరుతుంది. "గాదె నిండింది, ఇక చాలు" అని చెబుతుంది. ఆ లావు ఎలుకల్లో ఈ రసం లేదు. తర్వాత దీనికి లెప్టిన్ అని పేరు పెట్టారు. ఇలా రక్తంలో కబురు మోసే రసాలను హార్మోన్లు అంటారు.

మరి లావుగా ఉన్న మనుషుల్లో లెప్టిన్ లేదా? ఉంటుంది. చాలామందిలో ఎక్కువే ఉంటుంది. కానీ మెదడు ఆ మాట వినదు. ఇంట్లో రోజంతా ఒకే మాట అరిస్తే ఎవరు పట్టించుకుంటారు? ఇదీ అంతే. పైగా లెప్టిన్ ఎక్కువైతే బి.పి. పెరగడానికి తోడవుతుంది.

కొవ్వు పంపే ఇంకో హార్మోన్ అడిపోనెక్టిన్. పేరు కష్టమే. కూడబలుక్కుని చదవండి: అ-డి-పో-నె-క్టిన్. ఇది రక్తనాళాల లోపలి గోడకు కాపలా లాంటిదని డాక్టర్లు అంటారు. పొట్టలో కొవ్వు పెరిగే కొద్దీ ఈ కాపలా తగ్గుతుంది.

రక్తనాళం పంటకాలువ లాంటిది. ముందు లోపలి గోడ దెబ్బతింటుంది. అక్కడ కొవ్వు పేరుకుంటుంది, కాలువలో పూడిక పడ్డట్టు. నాళం గట్టిపడి సన్నబడుతుంది. గుండెకు రక్తం సరిగా అందదు. ఇది ఒక్కరోజులో జరగదు. ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ నొప్పి ఉండదు. అందుకే ఎవరికీ తెలియదు.

ఇది ముసలితనం జబ్బు అనుకోవద్దు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది సైనికుల గుండెలను అమెరికా డాక్టర్లు కోసి చూశారు. 1953లో ఆ వివరాలు అచ్చువేశారు. వాళ్ల సగటు వయసు 22 ఏళ్లు. నూటికి 77 మందిలో గుండె నాళాల జబ్బు అప్పటికే మొదలైంది! లావుగా ఉన్న పిల్లల్లో కూడా మెడ దగ్గరి నాళం గోడ మందంగా ఉండడం డాక్టర్లు స్కానింగులో చూశారు.

"నా కాళ్లు పుల్లల్లా ఉన్నాయి, నేనెక్కడ లావు?" అని కొందరు ఆడవాళ్లు అంటారు. కాళ్లు కాదు, పొట్ట చూడాలి. తొడల కొవ్వు కన్నా పొట్ట లోపలి కొవ్వే ఎక్కువ చెరుపు చేస్తుంది. ముట్లు ఆగాక కొవ్వు పొట్టకే చేరుతుంది.

కొలవడం తేలిక. దర్జీ టేపు చాలు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య టేపు చుట్టండి. పొట్ట లోపలికి పీల్చకండి. ఊపిరి వదిలి కొలవండి. మన దేశపు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు హద్దు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు. గర్భిణులకు ఈ లెక్క వర్తించదు.

హద్దు దాటితే సిగ్గుపడక్కర్లేదు, ఉపవాసాలూ అక్కర్లేదు. ఆసుపత్రిలో బి.పి., షుగర్ చూపించుకోండి. 70 కిలోల మనిషి నాలుగైదు కిలోలు తగ్గినా బి.పి., షుగర్ మెరుగవుతాయి. రోజూ అరగంట చురుగ్గా నడవాలి. టీలో చక్కెర తగ్గించాలి. పిల్లలు కంచంలో వదిలేసింది పారేయలేక తల్లులే తింటారు. దానికి బదులు మొదటే తక్కువ వడ్డించండి. సన్నబడే పొడులు అమ్మేవాళ్లను మాత్రం నమ్మకండి.

కొలిచి ఇక్కడ రాయండి.
నా నడుము: ............ అంగుళాలు. తేదీ: ............
మూడు నెలల తర్వాత: ............ అంగుళాలు. తేదీ: ............