తలలోని తెల్ల మచ్చలు



తాండూరు, వికారాబాదుల నుండి రైలెక్కి హైదరాబాదులో తల స్కానింగు తీయించుకొన్నవారు కొందరు ఆ ఫిల్ములు నాకు చూపి, "ఎన్ని మచ్చలున్నాయి ఫాదర్?" అని అడుగుతుంటారు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బులో మన రక్షణ శక్తే నరాలపైనున్న మైలిన్ పొరను పాడుచేస్తుంది. కరెంటు తీగకు తొడుగు ఊడినట్లన్నమాట. ఆ చోట్లే ఎం.ఆర్.ఐ.లో తెల్ల మచ్చలుగా అగుపిస్తాయి.

మచ్చలు లెక్కపెట్టి, ఈ పిల్ల మంచం పడుతుందని పెండ్లి సంబంధం వదులుకోవడం అన్యాయం. తొలి లక్షణం కనిపించినవారిని లండన్ వైద్యులు 20 ఏండ్లు గమనించి 2008లో ఫలితాలు ప్రకటించారు. మొదటి స్కానులో మచ్చలున్నవారిలో నూటికి 82 మందికి ఈ జబ్బు స్థిరపడింది. లేనివారిలో 21 మందికే. జబ్బు వస్తుందా అన్నదానికి స్కాను బాగానే జవాబిచ్చింది. నడక పోతుందా అన్నదానికి మాత్రం అంత గట్టిగా చెప్పలేకపోయింది. మెదడులో కొన్ని మచ్చలు ఏ బాధా చూపవు. వెన్నుపాములో చిన్న మచ్చ చాలు, కాళ్లు మొరాయిస్తాయి. అందుకే వైద్యులు లెక్కతోపాటు మచ్చ ఉన్న చోటును, మెదడు కుంచించుకొనిపోవడాన్ని కూడ చూస్తారు. అప్పటికీ వందమందిలో ఎందరికి అని చెప్పగలరు గాని, మీ బిడ్డ ఆ వందలో ఎక్కడున్నదో చెప్పలేరు. (సెమినరీలో తర్కశాస్త్రం చదివిన నాకే ఈ తేడా తలకెక్కడానికి చాలా కాలం పట్టింది!)

కొత్త మచ్చలు పుడుతున్నాయంటే మాత్రం అశ్రద్ధ చేయవద్దు; మందు మార్చవలసిన అవసరాన్ని అవి ముందే తెలుపగలవు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు పేరు కూడ ఉన్నది. నడక తగ్గినవారు ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టుకొనండి.