ప్రోస్టేటు క్యాన్సరు – పురుషులు తెలుసుకోవలసినది

మూత్రం చుక్కలుగా వస్తే మన కర్నూలు, కడప సీమలో "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. ఈ ఎండలకు అది నిజమూ కావచ్చు. కాని 50 దాటినవారు మూత్రాశయం కింద ఉసిరికాయంత ఉండే ప్రోస్టేటు గ్రంథిని కూడా చూపించుకోవాలి. చాలామందికి వయసుతో వచ్చే మామూలు వాపే ఉంటుంది. చిక్కేమంటే, క్యాన్సరు మొదట్లో తరచు ఏ బాధా పెట్టదు. నడుము ఎముకలు నొప్పి పుట్టేసరికి పాకిపోయి ఉండవచ్చు.

కనుక 50 ఏళ్లకు, తండ్రికో అన్నదమ్ములకో వచ్చివుంటే 45కే, పి.ఎస్.ఎ. రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి. వాపుకూ ఆ అంకె పెరుగుతుంది గనుక, ముక్క తీసి పరీక్షించాకే నిర్ధారణ. డాక్టరు మలద్వారం గుండా వేలితో తడిమి చూడటం నిమిషం పని. సిగ్గుతో దాన్నే తప్పించుకుంటారు! కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో యూరాలజీ విభాగం ఉంది. అమ్మలారా, రాత్రి నాలుగుసార్లు లేచే మీ ఆయన తానుగా చెప్పడు, మీరే వెంటబెట్టుకు వెళ్లండి.